వ్లాగును చిన్న సినిమా అనవచ్చా?

సందేహం: మా కళాశాలలో మాధ్యమాల మీద వ్యాసం రాయించినప్పుడు ఒక విద్యార్థి ‘వ్లాగు అంటే ఒక మనిషి ఒంటరిగా తీసే చిన్న చలనచిత్రం’ అని నిర్వచించాడు. మరొకరు ‘వీడియో రూపంలో ఉన్న బ్లాగే వ్లాగు, దానికీ సినిమాకూ సంబంధం లేదు’ అని రాశారు. మార్కులు వేయడానికి నాకు చెయ్యి ఆడలేదు. వీటిలో ఏది సరైనది? వ్లాగుకు చలనచిత్రం అన్న మాట చెల్లుతుందా? తెలుగులో దానికి వేరే పేరు పెట్టుకోవాలా? ‘వ్లాగు తీశాను’, ‘వ్లాగు చేశాను’, ‘వ్లాగు పెట్టాను’ అన్న వాటిలో ఏది మంచి ప్రయోగం? అలాంటి వీడియోలు కొన్నింటిని కూర్చి థియేటరులో చూపిస్తే దాన్ని ఏమనాలి? (ఒక తెలుగు అధ్యాపకురాలు)

సమాధానం: మీ విద్యార్థులిద్దరూ చెరో సగం పట్టుకున్నారు. మొదటి విద్యార్థి వ్లాగు దేనితో తయారవుతుందో చెప్పాడు. రెండో విద్యార్థి అది ఏ ఇంట పుట్టిందో చెప్పాడు. నిర్వచనానికి ఆ రెండూ చాలవు. వ్లాగు ఎవరితో మాట్లాడుతుంది, ఏ వరసలో వస్తుంది, ఎక్కడ ముగుస్తుంది అన్న సంగతులు కూడా చెబితేగాని అది సినిమాకు ఎంత దగ్గరో, ఎక్కడ విడిపోతుందో తేలదు. ముందు మాట సంగతి చూసి ఆ తరువాత మాధ్యమం సంగతికి వస్తాను.

‘చలనచిత్రం’ అన్న సమాసాన్ని విడదీస్తే చలనం గల చిత్రం అని అర్థం వస్తుంది. ఆ లెక్కన పెళ్లి వీడియో, బ్యాంకు గుమ్మం మీది సీసీ కెమెరా దృశ్యం, వాట్సాప్ స్టేటస్, కదిలే బొమ్మ ఏదైనా చలనచిత్రమే కావాలి. అయినా బంధువుల ఇంట్లో పెళ్లి వీడియో చూసి వచ్చినవారెవరూ చలనచిత్రం చూసి వచ్చామని చెప్పరు. పదం అర్థాన్ని ఇచ్చే తీరును మన శాస్త్రాలు యోగమనీ రూఢి అనీ రెండు విధాలుగా చెప్పాయి. పదంలోని అవయవాల నుంచి వచ్చే అర్థం యోగం. లోకవ్యవహారంలో స్థిరపడిన అర్థం రూఢి. ఈ రెండూ కలిసి పనిచేసే మాట యోగరూఢం. బురదలో పుట్టేవి ఎన్ని ఉన్నా ‘పంకజం’ అంటే తామరపువ్వే అన్నది దీనికి పాత ఉదాహరణ. చలనచిత్రం కూడా అటువంటి యోగరూఢమే. ఒక కథను గాని, ఒక విషయాన్ని గాని మొదలు నుంచి చివరి దాకా ఒక కృతిగా కూర్చి, పదిమందికి ప్రదర్శించడానికి సిద్ధం చేసిన బొమ్మకే ఆ పేరు దశాబ్దాల వాడుకలో స్థిరపడింది.

చట్టం మాత్రం ఈ విషయంలో యోగార్థాన్నే పట్టుకుంది. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం ‘సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్’ అన్న మాటకు దృశ్యాన్ని నమోదు చేసిన కృతి ఏదైనా, దానితో కూడిన ధ్వనితో సహా, అని అర్థం చెప్పి, వీడియో ఫిల్ములను కూడా ఆ పరిధిలోకి తెచ్చింది. కాబట్టి మీ వ్లాగును అనుమతి లేకుండా ఎవరైనా తమ ఛానెల్లో పెట్టుకుంటే, మీరు వేసే దావాలో అది చలనచిత్రమే. అదే వ్లాగును యూట్యూబులో పెట్టేముందు సెన్సారు సర్టిఫికెట్టు కోసం మాత్రం ఎవరూ వెళ్లరు. ఎందుకంటే 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ఆ ధ్రువపత్రాన్ని బహిరంగ ప్రదర్శనకు ముడిపెట్టింది. ఒకే వీడియో ఒక చట్టం దృష్టిలో చలనచిత్రమై, మరొక చట్టం అమలయ్యేచోట సినిమా లెక్కలోకి రాకపోవడం విద్యార్థులకు తప్పక చెప్పవలసిన సంగతి. న్యాయస్థానపు భాషకు ఒక అవసరం ఉంది, లోకవ్యవహారానికి మరొకటి ఉంది. వ్యాసంలో ఏ అర్థంలో వాడుతున్నామో ముందే చెప్పుకుంటే చిక్కు రాదు.

ఇక నిర్వచనం. తర్కశాస్త్రం ప్రకారం లక్షణవాక్యంలో అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అనే దోషాలు ఉండకూడదు. చెప్పదలచుకున్నదానిలో కొంత భాగం బయటే మిగిలిపోతే అవ్యాప్తి. చెప్పదలచుకోనిది కూడా లోపలికి వచ్చేస్తే అతివ్యాప్తి. ఎక్కడా అన్వయించకపోతే అసంభవం. వ్లాగు గురించి సాధారణంగా వినిపించే నిర్వచనాలలో మొదటి రెండు దోషాలు కనిపిస్తాయి. ‘యూట్యూబులో పెట్టే వీడియో’ అంటే సినిమా ట్రైలర్లు, ప్రవచనాలు, వార్తలు, పాఠాలు అన్నీ వచ్చి చేరతాయి. పైగా వ్లాగులు యూట్యూబు కంటే ముందే ఉన్నాయి. అమెరికాలో ఆడమ్ కొంట్రాస్ తన బ్లాగు కబుర్లకు 2000 జనవరి 2న ఒక చిన్న వీడియోను జతచేశాడు. తొలి వ్లాగుగా తరచు దానినే పేర్కొంటారు. బోస్టన్‌కు చెందిన స్టీవ్ గార్‌ఫీల్డ్ 2004 జనవరి 1న తన వీడియో బ్లాగును మొదలుపెట్టాడు. యూట్యూబులో మొట్టమొదటి వీడియో పడింది 2005 ఏప్రిల్ 23న. యూట్యూబు స్థాపకులలో ఒకరైన జావెద్ కరీమ్ జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి 19 సెకన్లు మాట్లాడిన ముక్క అది.

మీ మొదటి విద్యార్థి చెప్పిన ‘చిన్న’ అన్న విశేషణం కూడా నిలవదు. 1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కఫేలో లూమియేర్ సోదరులు రుసుము తీసుకొని చూపించిన బొమ్మలలో ఒక్కొక్కటీ నిమిషం కూడా ఉండదు. సినిమా చరిత్రను మాత్రం మనం అక్కడి నుంచే మొదలుపెడతాం. ఈనాడు గంటకు పైబడిన ప్రయాణపు వ్లాగులు ఎన్నో వస్తున్నాయి. నిడివిని బట్టి జాతి నిర్ణయించలేం. తక్కువ నిడివి, తక్కువ ఖర్చు, కొద్దిమంది మనుషులు అన్న గుర్తులతో చూస్తే లఘుచిత్రాలన్నీ వ్లాగులైపోతాయి. ఇది అతివ్యాప్తి.

మరికొందరు ‘కల్పన లేనిదే వ్లాగు’ అంటారు. ఈ మాట వినడానికి బాగుంటుంది గాని, దీనిని పడగొట్టిన ఉదాహరణ 2006లోనే వచ్చింది. ‘లోన్లీగర్ల్15’ అనే పేరుతో బ్రీ అనే అమ్మాయి తన గదిలో కూర్చొని, కెమెరాలోకి చూస్తూ ఇంటి సంగతులు చెప్పుకొనే వీడియోలు ఆ ఏడాది యూట్యూబులో వరసగా వచ్చాయి. వేలమంది ఆమెను నిజమైన అమ్మాయి అనుకొని సలహాలు రాశారు. సెప్టెంబరులో అసలు సంగతి బయటపడింది: ఆమె జెస్సికా రోజ్ అనే నటి, మాటలూ సన్నివేశాలూ ముందే రాసి పెట్టుకున్నవి. చూసినవారు మోసపోయారు, నిజమే. కాని వారు దేనిని చూసి నమ్మారో అదే మనకు కావలసిన విషయం. కెమెరాలోకి సూటిగా చూడటం, రోజుల వరస, వచ్చిన వ్యాఖ్యలకు తరువాతి వీడియోలో బదులు చెప్పడం, ఇవన్నీ ఉండటం వల్లనే అది నిజమైన వ్లాగులాగా చెల్లుబాటైంది. అంటే వ్లాగు లక్షణం చెప్పే సంగతి నిజమా కల్పితమా అన్నదానిలో లేదు, చెప్పే పద్ధతిలో ఉంది. సినిమాలో డాక్యుమెంటరీ ఉన్నట్టే వ్లాగులోనూ కల్పన ఉండవచ్చు.

ఈ దోషాలు తగలకుండా నేను ఇలా చెబుతాను: ఒక వ్యక్తి గాని, ఒక ఇల్లు గాని, ఒక చిన్న బృందం గాని తమ పేరున, తేదీల వరసలో, చూసేవారిని ఎదుట ఉన్నవారిగా భావించి మాట్లాడుతూ, వారు బదులు చెప్పడానికి చోటు ఉంచి పెట్టే వీడియోల పరంపర వ్లాగు. ఇందులో ప్రతి మాటకూ పని ఉంది. ‘తమ పేరున’ అనకపోతే వార్తాఛానెల్ వచ్చి చేరుతుంది. ‘తేదీల వరస’ లేకపోతే అది విడి వీడియో. ‘చూసేవారిని ఎదుట ఉన్నవారిగా’ అన్నది సినిమా నుంచి వేరుచేస్తుంది. ‘బదులు చెప్పడానికి చోటు’ అన్నది బ్లాగు నుంచి వచ్చిన వారసత్వం. ‘పరంపర’ అన్నది అన్నిటికంటే ముఖ్యం. సినిమా ఎప్పటికప్పుడు పూర్తయ్యే కృతి. వ్లాగులో ఏ ఒక్క వీడియో దానంతట అది పూర్తి కానక్కరలేదు, నిన్నటిది తెలిసినవారికి ఇవాళ్టిది ఎక్కువ అర్థమవుతుంది. వాడుకలో మనం ఆ పరంపరనూ, అందులోని ఒక్క వీడియోనూ కూడా వ్లాగు అనే అంటాం. బ్లాగులో ఈ రెంటికీ వేరు వేరు మాటలు ఉన్నాయి. తెలుగు బ్లాగరులు ఒక్కొక్క రచనను ‘టపా’ అన్నారు, మొత్తాన్ని ‘బ్లాగు’ అన్నారు. వ్లాగుకు ఆ విడదీత ఇంకా రాలేదు.

మన భాషే ఈ మాధ్యమపు స్వభావాన్ని బయటపెట్టే చోటు ఒకటి ఉంది. తెలుగులో ఉత్తమపురుష బహువచనానికి రెండు రూపాలు ఉన్నాయి: వినేవారిని కలుపుకొనే ‘మనం’, వినేవారిని విడిచిపెట్టే ‘మేము’. ఇంగ్లీషుకూ హిందీకీ ఈ భేదం లేదు. ఒక ప్రయాణపు వ్లాగరు చార్మినారు ముందు నిలబడి ‘ఇప్పుడు మనం చార్మినార్ దగ్గర ఉన్నాం, లోపలికి వెళ్లి చూద్దాం’ అంటాడు. అక్కడ ఉన్నది అతనూ, చేతిలోని ఫోనూ. చూసేవారు ఎక్కడో ఉన్నారు, ఎప్పుడో చూస్తున్నారు. నియమం ప్రకారం ‘నేను ఉన్నాను’ అనాలి, పక్కన మిత్రుడు ఉంటే ‘మేము ఉన్నాం’ అనాలి. అయినా ‘మనం’ అంటాడు, ‘ఇప్పుడు’ అంటాడు; ఆ రెండు మాటలతో దూరాన్నీ కాలాన్నీ దాటి చూసేవారిని తన పక్కన నిలబెట్టుకుంటాడు. అదే వీడియోలో ‘మేము పొద్దున్నే బయల్దేరాం, దారిలో టిఫిన్ చేశాం’ అని కూడా అంటాడు; ఎందుకంటే అప్పటికి కెమెరా తెరవలేదు, మనం ఇంకా అతనితో లేము. కెమెరా తెరిచిన క్షణం నుంచి ‘మేము’ కాస్తా ‘మనం’ అవుతుంది. శ్రద్ధగా వింటే ఈ మార్పు ఎన్నో తెలుగు వ్లాగులలో వినిపిస్తుంది. దీనిని ప్రయోగదోషమని దిద్దవద్దు. ఈ మాధ్యమం తన వ్యాకరణాన్ని తాను తయారుచేసుకుంటోందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు. సినిమాలో పాత్ర మరొక పాత్రతో మాట్లాడుతుంది. మనం పక్కన ఉండి వింటాం. నటుడి చూపు కెమెరా కంట్లో పడితే సాధారణంగా ఆ షాటు మళ్లీ తీస్తారు. వ్లాగులో చూపు పక్కకు పోతేనే చూసేవారికి వెలితి.

ఇంత భేదం ఉన్నప్పుడు సినిమాతో సంబంధం లేదన్న రెండో విద్యార్థి మాట సరైనదేనా? కాదు. చుట్టరికం ఉంది, పైగా అది పాతది. గ్రాండ్ కఫేలో చూపిన ఆ తొలి బొమ్మలలోనే ఒకదానిలో ఓగుస్ట్ లూమియేర్ దంపతులు ఆరుబయట కూర్చొని తమ పసిపాపకు తినిపిస్తుంటారు. ఇంట్లో జరిగే చిన్న పనిని కెమెరా ముందు పెట్టి నలుగురికీ చూపించాలన్న కోరిక సినిమాతోపాటే పుట్టిందన్నమాట. 1929లో సోవియట్ దర్శకుడు జిగా వెర్టోవ్ కథ, నటులు అక్కరలేని సినిమాను తీస్తూ, కెమెరా పట్టుకొని ఊరంతా తిరిగే మనిషినే దానిలో ప్రధానంగా చూపించాడు. 1948లో ఫ్రాన్సులో అలెగ్జాండర్ ఆస్త్రుక్ అన్న విమర్శకుడు, రచయిత కలాన్ని వాడినట్టు దర్శకుడు కెమెరాను వాడే రోజు వస్తుందని వాదించాడు. వీడియో బ్లాగును ఒక ప్రత్యేక మాధ్యమంగా నిర్వచించడానికి మొదట పూనుకున్నవారిలో ఒకరైన ఆస్ట్రేలియా పరిశోధకుడు ఏడ్రియన్ మైల్స్, 2000లో తాను ‘వోగ్’ అని పిలిచిన ఈ రూపానికి ఒక ప్రకటన రాస్తూ ఆ వెర్టోవ్‌నే తలచుకున్నాడు. వెర్టోవ్ చేతికి ఒక మాక్ కంప్యూటరూ ఒక మోడెమూ ఇస్తే వచ్చేది వోగ్ అని అతని భావం. ఇది టెలివిజన్‌ను మళ్లీ కనిపెట్టడం కాదని, రాతకూ టెలివిజన్‌కూ నడుమ ఉండే రూపమని కూడా అతను చెప్పాడు. బ్లాగు పేజీలో ఉన్నట్టే వీడియోలోనూ లంకెలు ఉండాలని అతను ఆశించాడు. యూట్యూబు వచ్చిన తరువాత వ్లాగు ఆ దారిన నడవలేదు.

చుట్టరికం ఎక్కడిదాకా, వేరు కాపురం ఎక్కడి నుంచి అన్నది ఒకే మనిషి పనిలో చూపించాలంటే జోనస్ మెకాస్‌ను మించినవారు లేరు. లిథువేనియాలో పుట్టి న్యూయార్కులో స్థిరపడిన ఈ సినీదర్శకుడు 16 మిల్లీమీటర్ల బోలెక్స్ కెమెరాను వెంట ఉంచుకొని మిత్రుల పెళ్లిళ్లు, మంచు కురిసిన వీధులు, ఇంటి భోజనాలు తీస్తూ ఉండేవాడు. కొన్నేళ్ల పాటు అలా తీసిన ముక్కలను కూర్చి 1969లో ‘వాల్డెన్’ పేరుతో మూడు గంటల సినిమాగా చూపించాడు. 2007లో, 84 ఏళ్ల వయసులో, అదే మెకాస్ ఏడాది పొడుగునా రోజుకొక చిన్న వీడియోను తన వెబ్‌సైటులో పెట్టాడు. చెయ్యి అదే, చూపు అదే, తీసిన సంగతులూ చాలావరకు అటువంటివే. మొదటిది డైరీ రూపంలో ఉన్న సినిమా: ముక్కలన్నీ చేతికి వచ్చిన తరువాత, వాటి ఆది అంతాలు తెలిసి, వెనక్కి చూస్తూ చేసిన కూర్పు. రెండోది వ్లాగుకు చాలా దగ్గరి రూపం: ఇవాళ్టిది పెట్టేనాటికి రేపు ఏమి పెడతాడో అతనికే తెలియదు. కూర్చేవాడికి ముగింపు తెలిసి ఉండటం, తెలియకపోవడం అన్న ఈ భేదాన్ని నేను కెమెరా ఖరీదు కంటే, తెర కొలత కంటే ఎంతో ముఖ్యమైనదిగా లెక్కిస్తాను.

పనిముట్ల విషయంలో వ్లాగు సినిమాకు బాగా రుణపడి ఉంది. క్లోజప్, కట్, నేపథ్య సంగీతం అన్నీ అక్కడివే. కాని వాటిని వాడే ఉద్దేశం మారింది. ఒకే చోట కూర్చొని మాట్లాడుతున్నవారి వీడియోలో తడబాట్లు, విరామాలు కోసేసి అతికితే తల ఒక్కసారిగా పక్కకు గెంతినట్టు కనిపిస్తుంది. దీనినే జంప్ కట్ అంటారు. కథాచిత్రాల ఎడిటర్లు సాధారణంగా కప్పిపుచ్చే ఈ గెంతును వ్లాగరులు దాచరు. మాట వేగంగా సాగితే చాలునంటారు.

తెలుగునాట ఈ రెండు రూపాలూ పక్కపక్కనే నడిచిన చోటు జగిత్యాల జిల్లా లంబాడిపల్లి. ‘మై విలేజ్ షో’ పేరుతో ఆ ఊరి బృందం పల్లె జీవితం మీద కథలల్లి వీడియోలు చేసింది. ‘వ్లాగ్స్’ అని పేరు పెట్టి వేరే ఛానెలు కూడా నడిపింది. గంగవ్వ అందరికీ తెలిసిన ముఖమైంది అక్కడి నుంచే. కథవీడియోలో ఆమె ఇతర పాత్రలతో మాట్లాడుతుంది. వ్లాగులో మనతో మాట్లాడుతుంది. 2019లో ఆమె ‘మల్లేశం’, ‘ఇస్మార్ట్ శంకర్’ వంటి సినిమాలలోనూ కనిపించింది. మూడుచోట్లా మనిషి ఒకరే, భాష ఒకటే. అయినా మనం మొదటి, మూడో చోట్ల ‘నటించింది’ అంటాం, రెండోచోట ‘మాట్లాడింది’, ‘చూపించింది’ అంటాం. క్రియ మారిన చోటే మాధ్యమం మారిందని విద్యార్థులకు చెప్పవచ్చు.

ఇక పేరు. ‘దృశ్యటపా’, ‘చిత్రదినచర్య’ వంటి కల్పనలు చేయవచ్చు. వాటిలో మొదటిది ఒక్క వీడియోకు బాగానే ఉంటుంది గాని పరంపరకు చాలదు. రెండోదానిలో ‘దినచర్య’ అంటే డైరీ అని కొందరూ, రోజూ చేసే పనులని కొందరూ అర్థం చేసుకుంటారు. బ్లాగు, సినిమా, రేడియో, వీడియో వంటి మాటలను సుఖంగా కలుపుకొన్న భాషకు ‘వ్లాగు’ బరువు కాదు. దీనికి ఉకారం చేర్చి వ్లాగు, వ్లాగులు, వ్లాగుకు, వ్లాగులో అని రాయండి. బ్లాగు, కారు, బస్సు అన్న మాటల దారిలోనే విభక్తులు ఇబ్బంది లేకుండా అతుకుతాయి. ‘వ్ల’ అన్న సంయుక్తం పదాదిని తెలుగు నోటికి కొత్త గనుక ‘వీలాగ్’, ‘విలాగ్’ అన్న ఉచ్చారణలు వినిపిస్తాయి. మాట్లాడేవారిని వాటికి తప్పుపట్టనక్కరలేదు, రాతలో మాత్రం ఒకే రూపం ఉండటం మేలు. చేసేవారిని వ్లాగరు అనవచ్చు. ‘దర్శకుడు’ అన్న మాట ఇక్కడ అతకదు, ఎందుకంటే నటులకు దారి చూపే పని వ్లాగులో సాధారణంగా ఉండదు. చూసేవారి విషయంలో మన భాష ఇప్పటికే చక్కని ఏర్పాటు చేసుకుంది: రేడియోకు శ్రోతలు, సినిమాకు ప్రేక్షకులు, టీవీకి వీక్షకులు. వ్లాగుకు కూడా వీక్షకులే సరిపోతారు.

మీరు అడిగిన మూడు క్రియలూ వ్యాకరణరీత్యా నిర్దోషాలే. వాటి అర్థాలు మాత్రం వేరు. ‘తీశాను’ అంటే కెమెరాతో పట్టిన పని. తీసి ఫోనులోనే ఉంచుకుంటే అది ఇంకా వ్లాగు కాలేదు. ‘చేశాను’ అన్నది తీయడం, కత్తిరించడం, మాట కలపడం అన్నీ కలిపి చెబుతుంది. ‘పెట్టాను’ అన్నది నలుగురి ముందుకు తెచ్చిన సంగతి. బ్లాగులో టపా పెట్టినట్టే వ్లాగు పెడతాం గనుక ఈ మాధ్యమానికి ఎక్కువ నప్పేది ఇదే. సినిమా విషయంలో ‘పెట్టారు’ అనం, విడుదల చేశారంటాం. సినిమా ఆడుతుంది, వంద రోజులు ఆడిందని గొప్పగా చెప్పుకుంటాం. వ్లాగు ‘ఆడింది’ అని ఎవరూ అనగా నేను వినలేదు.

చివరి ప్రశ్నకు జవాబుగా ఒక ఉదాహరణ చెబుతాను. 2010 జులై 24న ప్రపంచంలోని ప్రజలు తమ ఆ ఒక్క రోజునూ వీడియో తీసి యూట్యూబుకు పంపాలని పిలుపు ఇచ్చారు. దాదాపు 80,000 వీడియోలు, మొత్తం 4,500 గంటల నిడివిగలవి, వచ్చాయి. కెవిన్ మెక్‌డొనాల్డ్ దర్శకత్వంలో వాటి నుంచి గంటన్నర పైచిలుకు నిడివిగల ‘లైఫ్ ఇన్ ఎ డే’ని కూర్చి 2011లో విడుదల చేశారు. పంపినవారిలో చాలామంది కెమెరాలోకి చూసి వ్లాగరులలాగే మాట్లాడారు. అయినా కూర్పు పూర్తయ్యేసరికి ఒక అర్ధరాత్రి నుంచి మరో అర్ధరాత్రి వరకు సాగే ఆది అంతాలు దానికి ఏర్పడ్డాయి, వరస తేదీలు పోయి ఒకే రోజు మిగిలింది, థియేటరులో కూర్చున్నవారు తెర మీది మనిషికి బదులు చెప్పే వీలు లేకపోయింది. అందుకని దాన్ని సినిమా అనే అనాలి, ఇంకా వివరంగా కావాలంటే డాక్యుమెంటరీ అనాలి. అందులో వాడిన ఒక్కొక్క ముక్క దాని యజమాని ఛానెల్లో, ముందూ వెనుకా ఇతర వీడియోల మధ్య ఉంటే, అక్కడ అది వ్లాగే. మీ విద్యార్థులిద్దరికీ సగం సగం మార్కులు వేసి, ఈ ఉదాహరణ మీద మళ్లీ ఒకసారి రాయించండి.